అర్ధగంట మాట్లాడొద్దు

నా భార్య శారదమ్మను చంపింది 'ఇంకొక్కరు' అనే మాట. ఇందులో వాదన లేదు. ఆ మాట అన్నది డాక్టర్ వేణుమాధవ్. విని ఊరుకున్నది నేను.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా డాక్టరు నా నోటి నుంచి ఒక్క మాట కోసం చూశాడు. ఆ రోజు ఆయన పీకిన పన్ను ఎలాగూ పీకవలసిందేనని నేను అనాలి. అంటే ఆయనకు నిద్ర పడుతుంది. నేను అనలేదు. ఎందుకు అనలేదో, చివరికి ఏమన్నానో ఒకసారి రాసి పెడతాను.

పత్తర్‌గట్టి వెనక సందులో, అత్తరు దుకాణం మీద మేడ మా పళ్ళ ఆసుపత్రి. ముందు గదిలో కుర్చీ, డాక్టరు. మధ్యలో బెంచీలు. వెనక, కిటికీ లేని గదిలో నేను, ఆగయ్యను. కట్టుడు పళ్ళ సెట్లు చేయడం నా పని. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, పట్నం వచ్చి, ఒక ఉస్తాద్ దగ్గర ఆరేళ్ళు మైనం కరిగించి నేర్చుకున్నాను. శారదమ్మ ఫలక్‌నుమాలో పాలవాళ్ళ ఇంట పుట్టింది. ఉర్దూ ఆమెకు తెలుగంత సులువు. డాక్టరుది భీమవరం వైపు. రోగుల మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. అందుకే ఆమెను కుర్చీ పక్కన నిలబెట్టుకున్నాడు.

'మూ ఖోలో' అనేది శారదమ్మ. నోరు తెరువు. 'డరో నక్కో' అనేది. భయపడకు. పన్ను పీకాక చిగురు మీద దూది ఉండ పెట్టి, 'దబాకే పకడో, ఆధా ఘంటా బాత్ నక్కో' అనేది. కొరికి పట్టుకో, అర్ధగంట మాట్లాడొద్దు. రోజుకు ఇరవై సార్లు ఇదే మాట. బార్కస్ నుంచి వచ్చే ఆరడుగుల మనుషులు కూడా ఆమె ముందు బుద్ధిగా దూది కొరుక్కుని కూర్చునేవాళ్ళు. ఎవడైనా దూది చెంపకు తోసి మాట్లాడబోతే, ఆగు భాయ్, నీ పెండ్లాం ఈ అర్ధగంట కోసం ఎన్నేళ్ళ నుంచి దువా చేస్తుందో, అని ఉర్దూలో అనేది. బెంచీలన్నీ నవ్వేవి. ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళు ఆమెను. పన్ను పీకించుకోవడానికి వచ్చి ఆపా లేదంటే వెనక్కి పోయినవాళ్ళు ఉన్నారు.

డాక్టరు మంచి పనివాడు. అది కాదనను. కానీ ఆయనకు ఒక గర్వం ఉండేది. నా గుమ్మం ఎక్కిన మనిషిని తిప్పి పంపను అనేవాడు. పొద్దున తొమ్మిదికి కుర్చీ మీద వంగితే సాయంత్రం దాకా నడుము ఎత్తడు. ఇంటి నుంచి వచ్చిన క్యారియర్ మూత తీయకుండానే తిరిగి పోయేది. నడుముకు బెల్టు. మెడకు పట్టీ. ఆయన తినడు గనుక మేమూ తినం. పక్కన నిలబడ్డ మనిషి ఆకలి అని ఎలా అంటుంది. గోడ గడియారం ఒంటిగంట దాటాక శారదమ్మ గొంతు సవరించుకునేది. డాక్టరు వెనక్కి తిరగకుండా, రోగి నోట్లోంచి తల ఎత్తకుండా, ఎడమ చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించేవాడు. 'ఇంకొక్కరు, శారదమ్మా.' ఆ ఒక్కరి తర్వాత మళ్ళీ ఒక వేలు. రెండు వేళ్ళు ఎప్పుడూ చూపలేదు. రెండు చూపి ఉంటే మేము లెక్క తెలిసి కూర్చునేవాళ్ళం.

అలా చేసిన పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. నోట్లో పెట్టిన అచ్చు గట్టిపడక ముందే లాగేసేవాడు. ఆ అచ్చు మీద నేను సెట్టు చేస్తే అది చిగురును కోసేది. పదింటిలో మూడు తిరిగి వచ్చేవి. తిట్లు నాకు పడేవి. సూది గుచ్చుకోని వారం ఉండేది కాదు శారదమ్మకు. నొప్పి లేని మనిషి ఆ మేడ మీద లేడు. ఆయనకు నడుము, నాకు కళ్ళు, ఆమెకు ఎడమ భుజం. రోగులు ఉమ్మే గిన్నె పట్టుకునేది ఎడమ చేత్తో. భుజం గుంజుతుందంటే గిన్నె వల్ల అనుకున్నాం. అక్కడే మోసపోయాం.

తొంభై ఎనిమిది, మే నెల, గురువారం. కరెంటు లేదు. పొద్దున బస్సు దిగి సందులోకి నడుస్తూ ఆమె రెండుసార్లు ఆగింది. చెమట కారుతోంది. ఎండ అనుకున్నాను. అందరికీ కారుతోంది.

మధ్యాహ్నం మసీదులో అజాన్ అయ్యాక నా గదిలోకి వచ్చింది. ఎడమ దవడ పట్టుకుని ఉంది.

"దవడ గుంజుతుందయ్యా," అంది.

నోరు తెరవమన్నాను. మైనం కత్తి పిడితో ఎడమ దిక్కు కింది పళ్ళ మీద ఒక్కొక్కదాన్ని కొట్టి చూశాను. మా పనిలో ఇది అలవాటు. చెడ్డ పన్నైతే కొట్టగానే మనిషి ఎగిరిపడతాడు. ఆమె ఎగిరిపడలేదు.

"గిదా?"

"గదొక్కటే కాదు. అన్నీ. కిందికి గుంజుతుంది."

"లోపల పుచ్చి ఉంటది. పన్నే. సార్‌కు చూపియ్యి."

లవంగ నూనె రాశాను. ఇంటికి పోయి పండుకుంటానంది. సార్‌ను అడుగు అన్నాను. నేనే చెయ్యి పట్టుకుని మెట్లు దించి ఉండొచ్చు. అడుగు అన్నాను.

అడిగింది. డాక్టరు వేలు ఎత్తాడు. ఆ ఒక్కరు మర్నాడు దుబాయి విమానం ఎక్కవలసిన మనిషి. తర్వాత ఇంకొక్కరు. తర్వాత ఇంకొక్కరు. రెండు గంటలకు ఆమె గోడకు ఆనుకోవడం చూసి, రోగికీ రోగికీ మధ్య ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనా కొట్టి చూశాడు. నేను కొట్టినట్టే. పన్ను కింద చెడింది అన్నాడు. సూది వేసి, పటకారు పెట్టి పీకాడు. దూది పెట్టాడు. అంతా పది నిమిషాలు. ఆమె లేచి, నోరు కడుక్కోకుండా, మళ్ళీ గిన్నె పట్టుకుంది. ఇంకొక్కరు.

మా దగ్గర పీకిన పళ్ళలో నిండుగా ఉన్నవి నా గదికి వస్తాయి. వాటిని చూసి మైనంలో పన్ను ఆకారం చెక్కుతాం. తన పన్ను తనే తెచ్చి నా బల్ల మీద పెట్టింది శారదమ్మ. కొంచెంసేపు నిలబడింది. వెళ్ళింది.

మూడు కాకముందే, సామాను మరిగించే పెట్టె దగ్గర పడిపోయింది. కుర్చీలో ఉన్న ముసలామె నోరు తెరుచుకునే ఉంది. ఆపా క్యా హువా, ఏమైంది, అని ఆ తెరిచిన నోటితోనే అడిగింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు తన ఒళ్ళో ఆమె తల పెట్టుకున్నాడు. బెల్టు ఊడిపోయింది. అక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ చూసి అయిపోయిందంది. గుండె అంది. పొద్దున్నుంచే మొదలై ఉంటుందంది. ఆడవాళ్ళకు ఒక్కోసారి ఛాతీలో కాదు, దవడలో వస్తుంది, ఎడమ చేతిలో వస్తుంది, మీకెవరికీ తెలియలేదా, మీరేం పని చేస్తారు అని అడిగింది.   మా ఇద్దరి చేతులకూ లవంగ నూనె వాసన.

ఆమె నోట్లో దూది అప్పటికీ ఉంది. ఆ డాక్టరమ్మే తీసింది.

పదమూడో రోజు దాకా మేడ తాళం వేసి ఉంది. తెరిచాక డాక్టరు వేలు ఎత్తలేదు. ఒంటిగంటకు లేచి, తలుపు మూసి, గడియ పెట్టాడు. రెండున్నర దాకా తీయలేదు. కింద నుంచి జనం కొట్టారు. తిట్టారు. మర్నాడూ అంతే. రోజుకు ముప్పై చీటీలే. ఆదివారం సెలవు. అందరూ ఒకచోట కూర్చుని తినాలి. తిన్నాక చాపలు పరుచుకుని పడుకోవాలి. నెలకోసారి ఆయనకు తెలిసిన గుండె డాక్టరు వచ్చి మా అందరి చేతులకూ పట్టీ కట్టి రక్తపోటు చూసేవాడు. శారదమ్మ జాగాలో రాహేలు అనే ఆమె వచ్చింది. మొదటి రోజే డాక్టరు ఆమెకు చెప్పిన మాట ఒక్కటే. ఒంట్లో బాగాలేకపోతే నన్ను అడక్కు, చెప్పి వెళ్ళిపో.

మేలు జరిగింది. ఇది నిజం, అబద్ధం రాయను. అచ్చులు శుభ్రంగా రావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి తిరిగొచ్చే సెట్లు పదిలో మూడు కాదు, యాభైలో ఒకటి. రాహేలు చేతికి రెండేళ్ళలో ఒక్క సూది గుచ్చుకోలేదు. డాక్టరు బెల్టు తీసేశాడు. గొంతు మెత్తబడింది. ముప్పైమంది చాలన్నా జనం పోలేదు. చీటీ దొరక్కపోతే రేపు వస్తామనేవాళ్ళు. నోట్లో చెయ్యి పెట్టే మనిషి అలిసిపోయి ఉండకూడదని వాళ్ళకు కూడా తెలిసింది. నా కళ్ళ మంట పోయింది. ప్రతి మధ్యాహ్నం చాప మీద వెన్ను వాల్చినప్పుడు ఒళ్ళు హాయిగా ఉండేది. ఆ హాయి నాకు ముద్దలో రాయిలా తగిలేది. అది ఎవరి ప్రాణం పోతే వచ్చిన హాయో నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నపు నిశ్శబ్దంలోనే మొదలైంది.

నా గదిలో గూటి మీద శారదమ్మ దవడ ఉంది. తెల్ల ప్లాస్టరుది. పెళ్ళైన కొత్తలో, నేను పని నేర్చుకునేటప్పుడు, అచ్చు తీయడానికి ఎవరి నోరూ దొరక్క ఆమె నోటిలో తీశాను. అచ్చు గట్టిపడేదాకా మాట్లాడకూడదు. ఆమె నోటినిండా ముద్ద పెట్టుకుని నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు నవ్విన గుర్తు కింది పెదవి దగ్గర ప్లాస్టరులో ఇప్పటికీ ఉంది. చిన్న వంకర.

ఒంటిగంటకు తలుపు గడియ పడుతుంది. ఫ్యాను, కింద రోడ్డు రొద. కొంచెంసేపటికి అదీ దూరమవుతుంది. అప్పుడు వినపడేది. మ్. మ్మ్. నోట్లో దూది పెట్టుకున్న మనిషి ఏదో చెప్పబోతున్నట్టు. గోడ అవతల కాదు. గది లోపలే. నా తలవైపు, గూడు ఉన్న దిక్కు. లేచి చూస్తే తెల్ల దవడ. రెండు వరసలూ కలిసి, మూసుకుని.

ఒకరోజు రాహేలు నన్ను పక్కకు పిలిచింది. ఆమె మంచి మనిషి. దెప్పడానికి అనలేదు.

"అన్నా, మీరు పండుకున్నంక మూలుగుతరు. పండ్లు గట్టిగ కొరుక్కుని. నాకు ముందు గదిలకు వినొస్తది."

అయితే నేనే అనుకున్నాను. మర్నాడు పడుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళు తెరుచుకుని, నోటి మీద అరచెయ్యి గట్టిగా అదిమి పెట్టుకున్నాను. పెదవులు కదలలేదు. గొంతు కదలలేదు. అయినా వినపడింది. మ్. మ్మ్.

ఆ తర్వాత భయపడటం మానేశాను. ఒంటిగంట ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి. ఇది ఎవరితోనూ అనలేదు.

డాక్టరు ఈ ఎనిమిదేళ్ళలో నాలుగైదుసార్లు అడిగాడు. నేరుగా కాదు. ఒకసారి, ఆ పన్ను నీ దగ్గరకే వచ్చింది కదా ఆగయ్యా, అన్నాడు. ఒకసారి, కింద చెడి ఉంటే పైకి కనపడదు అన్నాడు. నేను సెట్టు రుద్దుతూ ఉండిపోయేవాణ్ణి. మిషన్ చప్పుడులో నేను వినలేదనుకోవడానికి ఆయనకు వీలుండేది.

రెండు వేల ఆరులో ఊళ్ళోని పళ్ళ డాక్టర్లంతా ఒక సభ పెట్టుకున్నారు. పనిచేసేవాళ్ళ ఒంటి బాగు వల్ల ఆసుపత్రికి ఏం మేలు అన్న విషయం మీద మాట్లాడమని మా డాక్టరును పిలిచారు. ఆయన నాలుగు కాగితాలు రాసుకున్నాడు. మధ్యాహ్నం తిన్నాక నన్ను కుర్చీ గదిలోకి పిలిచి, ఎదురుగా కూర్చోమని చదివి వినిపించాడు. అచ్చుల లెక్క, సూదుల లెక్క అన్నీ ఉన్నాయి. చివర ఇలా ఉంది. మా సహాయకురాలు శారదమ్మ ఆకస్మిక మరణం మా కళ్ళు తెరిపించింది.

"నువ్వు కూడా రావాలి ఆగయ్యా. వేదిక మీద నీకు శాలువా కప్పుదాం. ఆవిడ పేరు మీద." కాగితాలు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "ఒక్కటి చెప్పు. ఇప్పటికైనా. ఆ పన్ను పీకవలసిందే కదూ. నువ్వు చూశావుగా."

ఆకస్మికం. మా బడిలో ఆ మాటకు అర్థం చెప్పించారు. అనుకోకుండా జరిగినది.

నేను లేచి వెనక గదిలోకి పోయాను. గూటి మీద నుంచి దవడ దించాను. ఎనిమిదేళ్ళుగా డబ్బాలో దాచిన ఆమె పన్ను తీశాను. ప్లాస్టరు దవడలో ఎడమ కింది పన్నును నేను ఎప్పుడో కోసి గుంట చేసి పెట్టాను. తెచ్చి ఆయన ముందు, సామాను పళ్ళెంలో పెట్టాను. పన్నును గుంటలో కూర్చోబెట్టాను. సరిగ్గా కూర్చుంది.

ఆయన అద్దం తీసుకుని చూశాడు. తిప్పి చూశాడు. వేళ్ళ కొనలతో వేరు తడిమాడు. మచ్చ లేదు. గుంట లేదు. ఆవు పాలు తాగి పెరిగిన పన్ను. చాలాసేపు చూశాడు. అద్దం పళ్ళెంలో పెట్టాడు. 

"మంచి పన్ను," అన్నాడు.

"మంచి పన్నే సార్. గా దినమే చూసిన."

"ఆ రోజే తెలుసా నీకు?"

అప్పుడు చెప్పాను. ఎనిమిదేళ్ళు పళ్ళ మధ్య పట్టుకున్నది.

"మీకన్న ముందు నేను కొట్టి చూసిన సార్. పన్నే అన్న. నా మాట పట్టుకునే మీ దగ్గరికొచ్చింది. పీకినంక తెచ్చి నా ముందర పెట్టింది. చూస్తే మంచి పన్ను. నాకు మీ మీద కోపమొచ్చింది. కోపంల పన్నునే చూసిన, ఆమెను చూడలే. ఆమె నిలబడ్డది. నోట్ల దూది. మ్ మ్ అనుకుంట దవడ మీద చెయ్యి పెట్టి గిట్ల ఛాతీ దాక తెచ్చి చూపెట్టింది. నొప్పి పోలేదని, గీడ ఉందని. నాకు సమజ్ కాలే. నేనేమన్ననో ఎరుకనా సార్? ఆధా ఘంటా బాత్ నక్కో అన్న. నీకు నేను చెప్పాల్నా అని నవ్విన. ఆమె మాట ఆమెకే చెప్పిన. ఆమె ఇన్నది. మాట్లాడలే."

డాక్టరు ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. బయట తలుపు మీద ఎవరో తట్టి, టైం గుర్తొచ్చినట్టు ఆగిపోయారు. చేతులు తీసి ఆయన అన్నాడు, నన్ను క్షమించు ఆగయ్యా.

"చెయ్యను సార్. మిమ్మల్ని చెయ్యను. నన్ను గూడ."

 ఆయన నాలుగో కాగితం మీద చివరి మాట కొట్టేసి, జరిగింది సభలో చెప్పనా అని అడిగాడు. మీ ఇష్టం, నేను రాను అన్నాను. దవడ తీసుకుని నా గదికి పోయాను.

సభకు రాహేలు వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పింది. డాక్టరు లెక్కలేవీ చదవలేదట. అలిసిపోయిన చేతితో మంచి పన్ను పీకాను, పక్కన నిలబడ్డ మనిషి చచ్చిపోతుంటే ఇంకొక్కరు అన్నాను, అని చెప్పి దిగిపోయాడట. చప్పట్లు లేవట. ఆ నెలలోనే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఒంటిగంటకు తలుపు మూయడం మొదలుపెట్టారు. పక్కన నిలబడేవాళ్ళకు కుర్చీలు వేశారు. మంచిదే. వాళ్ళ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు సాయంత్రం తమ కాళ్ళ మీద ఇంటికి నడిచి పోతారు.

నేను ఇప్పటికీ అదే గదిలో సెట్లు చేస్తున్నాను. ఒంటిగంటకు గడియ పడుతుంది. చాప వేసుకుంటాను. పన్నును దవడలోనే ఉంచి గూటి మీద పెట్టాను. ఫ్యాను, కింద రొద. అది దూరమవుతుంది. నేను చెవి ఒగ్గి పడుకుంటాను.

ఏమీ వినపడదు.

డాక్టరు ముందు నోరు తెరిచిన ఆ మధ్యాహ్నం నుంచి లేదు. ఒక్క రోజు కూడా లేదు. తను చెప్పలేకపోయింది నేను చెప్పేశాక ఆమెకు ఇక్కడ పని లేకపోయింది. రాహేలు కూడా అంది, అన్నా, ఇప్పుడు మీరు మూలగట్లేదు, మంచిగ నిద్రపోతున్నరు అని. నేను నిద్రపోవడం లేదు.

ఆ సభలో విన్న డాక్టర్లు కొందరు మేడ ఎక్కి వస్తున్నారు. ఏం జరిగిందో మీ నోటితో చెప్పండి అంటారు. మా దగ్గర పనిచేసేవాళ్ళకు చెప్తాం, పదిమందికి మేలు అంటారు. డాక్టరు కూడా అడిగాడు. వాళ్ళకు ఈ కాగితాలు ఇస్తాను. చదువుకోనీ.

నేను మాత్రం దీని గురించి మాట్లాడను. ఒకసారి మాట్లాడితే ఏం పోయిందో చూశాను. ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, అర్ధగంట కాదు, ఇంక ఎన్నడూ మాట్లాడను.